ఒక్కో గుండుకు ఎన్ని సెకన్లు

మా పెళ్ళయిన ఇరవై మూడో రోజు, శుక్రవారం మధ్యాహ్నం, నేను పెట్టిన ఒక అంకె తప్పేమోనన్న అనుమానం మొదలైంది.

మా ఆయనా నేనూ ఒకే ఆఫీసులో పనిచేస్తాం. రెండు గదులు, తొమ్మిది మందిమి. ఎనభై ఏళ్ళ కిందటి యుద్ధంలోని ఒక సబ్‌మెరైన్‌ని ఆడేవాళ్ళ చేతికిచ్చే కంప్యూటర్ ఆట తయారుచేస్తున్నాం. అందులో అంకెలన్నీ నావి. ఎంత లోతుకు మునగాలి, ఎంత వేగంగా వెళ్ళాలి, పైనున్న ఫిరంగి ఎన్ని సెకన్లకోసారి పేలాలి, ఇవన్నీ పాత పుస్తకాలు తిరగేసి నేనే రాస్తాను. మా ఆయన మొన్నమొన్నటిదాకా తెర మీద బటన్లు గీసేవాడు. ఈ ఏడాదే, బతిమాలగా బతిమాలగా, ఒక లెవెల్ తయారుచేసే అవకాశం ఇచ్చారు. ఏడో లెవెల్. అది ఆటలో నిలబడితే ఇకమీదట లెవెళ్ళు చేసేవాళ్ళలో ఒకడు. నిలబడకపోతే మళ్ళీ బటన్లు.

ఆ లెవెల్ కథ ఇంతే. టార్పెడోలు అయిపోయాయి. ఎదురుగా సరుకుల ఓడ వెళుతోంది. సబ్‌మెరైన్ నీటి పైకి తేలి, తన మీదున్న ఒకే ఒక్క ఫిరంగితో ఆ ఓడను ఆపాలి. మొదటి గుండు పేలగానే ఓడ కబురు పంపుతుంది, మూడు నిమిషాల్లో విమానం వస్తుంది. అప్పటికి నీళ్ళలోకి వెళ్ళిపోవాలి.

ముందుగా ఆడి చూడమని ఇచ్చినవాళ్ళలో ఒకాయన ఉత్తరం రాశాడు. మీ ఫిరంగి కుట్టుమిషన్‌లా ఉంది, రెండు నిమిషాల్లో ముప్పై గుండ్లు పేలుతున్నాయి, వాటిని మోసేది మనుషులా, క్రేనా అని అడిగాడు.

మా యజమాని ఆ ఉత్తరం అందరి ముందూ చదివాడు. మాకంటే నాలుగేళ్ళే పెద్ద, అయినా ఆయన్ని అందరం పెద్దాయన అంటాం. అంకె ఎక్కడిదని నన్ను అడిగాడు. నిమిషానికి పదిహేను నుంచి పద్దెనిమిది అని పుస్తకంలో ఉందని, అరవైని పదిహేనుతో భాగించి నాలుగు సెకన్లు పెట్టానని చెప్పాను. చెబుతుండగానే నాకు తట్టింది. భాగించడమైతే భాగించాను గానీ, ఆ గుండ్లు ఫిరంగి దాకా ఎలా వస్తాయని ఏనాడూ ఆలోచించలేదు.

సోమవారం నాలుగు గంటలకు ఆట బయటికి వెళ్ళిపోతుంది. పెద్దాయన లెక్క సూటిగా చెప్పాడు. ఆ అంకె నిజమని చూపించాలి, లేదా మార్చాలి. మార్చాక ఏడో లెవెల్ ఒక్కసారైనా తన కళ్ళ ముందు గెలవగలిగితే ఉంటుంది, లేకపోతే కోసేస్తారు. ఇదంతా నా వైపు చూసే చెప్పాడు, మా ఆయన వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

ఇద్దరం ఒకే స్కూటర్ మీద ఒకే ఇంటికి వెళ్ళడం నాకింకా కొత్త. రోజూ దారంతా వాగుతూనే ఉంటాను. ఆ రోజు ఎర్రలైటు దగ్గర ఆగినప్పుడు మా ఆయనే ముందు నోరు విప్పాడు.

"ఓ పది రోజులాగి మార్చకూడదా?"

"తప్పని తెలిసి పది రోజులు ఎలా ఉంచను?"

"తప్పని ఇంకా తేలలేదుగా."

"తేలకముందే నీకు తెలిసిపోయింది. అందుకే అడుగుతున్నావు."

లైటు మారింది. పెళ్ళయ్యాక అదే మొదటి పోట్లాట. గొంతు కూడా పెంచలేదు గానీ, అతని భుజం మీద ఎప్పుడూ వేసే చెయ్యి ఆ రోజు వెనక కడ్డీ మీద ఉండిపోయింది.

మా అత్తగారు బడిలో డ్రిల్ టీచరుగా పనిచేసి నిరుడే రిటైరయ్యారు. ఇంట్లో ఇద్దరు మనుషులు ఎడమొహం పెడమొహంగా ఉంటే ఆవిడకి చెప్పులు విప్పే చప్పుడులోనే తెలిసిపోతుంది. ఏమైందని అడిగారు. ఆవిడ ముందు మా ఆయన్ని మీరు అనాలని నాకు నేనే పెట్టుకున్న నియమం, "నువ్వు చెప్పు, అదే, మీరు చెప్పండి" దగ్గరే కూలిపోయింది. మావయ్యగారు పేపరు చాటున నవ్వుకున్నారు. చివరికి నేనే మొదటినుంచీ చెప్పాను.

గుండు ఎంత బరువని అత్తగారు అడిగారు. పదిహేను కిలోలన్నాను. ఎక్కడినుంచి ఎక్కడికని అడిగారు. సబ్‌మెరైన్ కడుపులో ఉన్న గది నుంచి నిచ్చెన ఎక్కి, గుండ్రటి మూతలోంచి పైకి అన్నాను. ఆవిడ తల తిప్పి మా ఇంటి వసారాలోంచి డాబా మీదికి వెళ్ళే ఇనప నిచ్చెనను చూశారు. దాని చివర కూడా చదరపు రేకు మూత ఒకటుంది.

"దీనికి పుస్తకాలెందుకు అమ్మాయ్? రేప్పొద్దున మోసి చూద్దాం."

శనివారం ఏడింటికల్లా మా ఇల్లు యుద్ధనౌక అయిపోయింది. తాగేనీళ్ళ డబ్బాలు పద్నాలుగు తెచ్చి, తూకం వేసి, ఒక్కోటీ పదిహేను కిలోలు వచ్చేలా నింపాం. ఆరు డాబా మీద, ఎనిమిది వెనక గదిలో. డాబా మీద పాత ఇనప మంచాన్ని నిలబెట్టి, దానికి లావుపాటి గొట్టం ఒకటి అడ్డంగా కట్టారు మావయ్యగారు. అదే ఫిరంగి. డబ్బాను ఎత్తి గొట్టం నోటికి ఆనిస్తే గుండు పేలినట్టు. ఆయన ముప్పై ఏళ్ళు అచ్చుయంత్రం నడిపిన మనిషి, ఏదైనా సరిగ్గా చేస్తేనే మనసొప్పుతుంది. సముద్రం పొడిగా ఉండదు కదా అని రెండు బకెట్ల నీళ్ళు కూడా డాబా మీద ఒంపారు.

ఫిరంగి దగ్గర మావయ్యగారు. నిచ్చెన మీద మా ఆయన. కింద, వెనక గదికీ నిచ్చెనకీ మధ్య నేను. అసలు సబ్‌మెరైన్‌లో ఇంకా ఎక్కువమంది, మాకంటే బలవంతులు ఉంటారు నిజమే. కానీ నిచ్చెన అక్కడా ఒక్కటే, దాని మీద పట్టేదీ ఒక్క మనిషే. అత్తగారు విజిల్ నోట్లో పెట్టుకుని, స్టాప్‌వాచ్ పట్టుకుని పిట్టగోడ పక్కన నిలబడ్డారు.

విజిల్ మోగింది. డాబా మీది ఆరు డబ్బాలూ చకచకా వెళ్ళిపోయాయి. ఐదు సెకన్లు, నాలుగు, ఐదు, ఐదు, ఐదు, ఆరు. అత్తగారు పైనుంచి అంకెలు అరిచి చెబుతుంటే నా గుండె పొంగిపోయింది. పుస్తకం అబద్ధం చెప్పలేదు. నా అంకె నిజమే. నిచ్చెన మీంచి మా ఆయన కిందికి చూసి కన్ను కొట్టాడు. నిన్నటి మధ్యాహ్నం తర్వాత అతను నన్ను సరిగ్గా చూడడం అదే మొదలు.

తర్వాత కింది డబ్బాలు మొదలయ్యాయి. నేను గదిలోంచి ఎత్తుకొచ్చి అందించాలి, మా ఆయన ఒక చేత్తో నిచ్చెన పట్టుకుని ఇంకో చేత్తో దాన్ని రొమ్ముకు అదుముకుని మెట్టు మెట్టుగా ఎక్కి మూతలోంచి పైకి తోయాలి, మావయ్యగారు వంగి అందుకోవాలి, తడినేల మీద నాలుగడుగులు వేయాలి. పంతొమ్మిది సెకన్లు. ఇరవై రెండు. ఇరవై నాలుగు. ఇరవై ఏడు. ఐదోదానికి నా వేళ్ళు డబ్బా చెవి మీంచి జారిపోయాయి. అత్తగారు అంకె చెప్పడం మానేసి, మూతలోంచి వంగి చేతిలోని గడియారాన్ని నాకు చూపించారు. ముప్పై మూడు.

కాబట్టి అంకె ఒకటి కాదు, రెండు. ఫిరంగి పక్కన పెట్టెలో ముందే పెట్టుకున్న గుండ్లు ఉన్నంతవరకు ఐదేసి సెకన్లు. అవి అయిపోయాక పాతికేసి. మా ఆటలో ఆ పెట్టెలో పట్టేవి పది. మూడు నిమిషాల్లో పదీ, ఇంకో ఐదూ, వెరసి పదిహేను గుండ్లు. ఏడో లెవెల్లో ఓడ ఆగాలంటే దూరంనుంచి ముప్పై కావాలి.

ఆ లెక్క మా ఆయన నాకంటే ముందే వేసుకున్నట్టున్నాడు. డబ్బా రొమ్ముకు ఆనించుకుని నిచ్చెన మధ్యలో అలాగే నిలబడిపోయాడు.

సరిగ్గా అప్పుడు అత్తగారు విజిల్ పొడవుగా ఊదారు. విమానం వచ్చింది, అందరూ లోపలికి అని హుకుం.

మావయ్యగారు గబగబా వచ్చి మూతలో కాలు పెట్టారు. కింద కొడుకు తల తగిలింది. కొడుకు దిగుదామంటే చేతిలో డబ్బా, కింద నేను ఇంకో డబ్బాతో. వెనక్కి జరుగుదామంటే నా వెనక గడప. డబ్బా పైకి పోదు, మనిషి కిందికి రాడు. నేను డబ్బా దింపి పక్కకి తప్పుకునేసరికి, మా ఆయన దిగేసరికి, మావయ్యగారు దిగి రేకు మూత లాక్కునేసరికి నలభై ఒక్క సెకన్లు. అత్తగారు బయటే ఉండిపోయి మూత మీద దబదబా బాదుతున్నారు.

"నేను చచ్చిపోయాను, తలుపు తీయండి."

అందరం పడీ పడీ నవ్వాం. మా ఆయన మాత్రం మెట్టు మీద కూర్చుని నవ్వు మధ్యలోనే ఆగిపోయాడు. మా ఆటలో మునుగు అని బటన్ నొక్కగానే పైనున్న మనుషులు మాయమైపోతారు. అలా మాయం చేసింది అతనే. నీ అంకె ఒక్కటే కాదు, నాదీ తప్పే అన్నాడు నాతో, నెమ్మదిగా. ఫిరంగి అంత త్వరగా పేలదు, సబ్‌మెరైన్ అంత త్వరగా మునగదు. రెండూ నిజం చేస్తే ఆ లెవెల్ ఎవ్వరూ గెలవలేరు.

అత్తగారు దిగొచ్చి, మంచినీళ్ళు తాగుతూ, అసలు అర్థంకానట్టు అడిగారు.

"ఆట మొదలయ్యాక సామాను మోసుకునేవాళ్ళెవర్రా? బడిలో పిల్లలు రాకముందే గ్రౌండులో అన్నీ పెట్టించేదాన్ని."

మా ఆయన తలెత్తాడు. ఆ చూపు నాకు తెలుసు. ఆ చూపు చూసే పెళ్ళికి ఒప్పుకున్నాను.

ఆదివారమంతా భోజనాల బల్ల మీద పక్కపక్కన రెండు ల్యాప్‌టాప్‌లు. మోచేతులు తగులుతుంటే చెప్పలేనంత బాగుంది. అతను లెవెల్ ముందు భాగంలో వానతెర పెట్టాడు. సబ్‌మెరైన్ ఆ వానలోనే పైకి తేలుతుంది, ఓడకు కనబడదు. అప్పుడే గుండ్లు పైకి తెచ్చి పెట్టుకోవచ్చు. ఎన్ని తేవాలో ఆడేవాళ్ళ ఇష్టం. మునిగేటప్పుడు పైనున్న ఒక్కో మనిషి దిగడానికి నాలుగు సెకన్లు, నిచ్చెన మీద గుండు మోస్తున్నవాడుంటే ఎనిమిది. పైన మిగిలిన గుండ్లను సముద్రంలోకి తోసేయాలి. నేను ఫిరంగికి రెండు అంకెలూ పెట్టి, మనిషి అలసిపోయేకొద్దీ అవి పెరిగేలా రాశాను.

సోమవారం మూడుంబావుకు పెద్దాయన మా బల్ల దగ్గరికొచ్చి ఫోను గడియారం పైకి కనబడేలా పెట్టాడు. ఆడడానికి గద్దని కూర్చోబెట్టాడు. మా ఆటలో తప్పులు పట్టే అమ్మాయి ఆమె, కంటికి ఏదీ దాటిపోదు కాబట్టి ఆ పేరు. మొహమాటానికి గెలిచే రకం కాదు.

వానలో గద్ద హడావుడి పడింది. పెట్టెలో పది ఉండగా ఇంకో పన్నెండు పైకి తెప్పించింది, అయినా మోసేవాళ్ళను దించలేదు. దూరంనుంచే మొదలుపెట్టింది. ఓడ దగ్గరయ్యేదాకా గుండ్లు సగం నీళ్ళలో పడ్డాయి. ఇరవై రెండూ అయిపోయాక ఒక్కోదానికి పాతిక సెకన్లు. ఓడ ఒక పక్కకి ఒరిగింది గానీ కదులుతూనే ఉంది. మబ్బుల్లో చుక్క కనిపించింది. ఇరవై నాలుగో గుండు పేల్చి మునుగు నొక్కింది. ఒకడు దిగాడు. ఇంకొకడు దిగాడు. నిచ్చెన మీద గుండుతో ఉన్నవాడు అడ్డుపడ్డాడు. విమానం పెద్దదవుతోంది. వాడు దిగాడు. ఫిరంగి దగ్గరవాడింకా పైనే ఉన్నాడు. గద్ద మూత మూసేసింది.

సబ్‌మెరైన్ మునిగింది. దూరంగా ఓడ ఆగిపోయింది. లెవెల్ పూర్తి అని తెర మీద అక్షరాలు వచ్చాయి.

పెద్దాయన ఊపిరి వదిలి, సరే, లెవెల్ ఉంటుంది అన్నాడు. మా ఆయన మాత్రం అడ్డంగా తలూపాడు.

"పైన ఒకడున్నాడండీ."

"ఆటయ్యా బాబూ అది. గెలిచావు, ఊరుకో."

"శనివారం ఆ నిచ్చెన మీద నేనున్నాను. వాణ్ణి వదిలేసి గెలిచినట్టు రాస్తే, రేపు అందరూ అలాగే గెలుస్తారు. వదిలేస్తే ఓడినట్టే అని కోడ్‌లో ఒక వరుస పెడతాను."

నాకు బల్ల కింద అతని కాలు తొక్కాలనిపించింది. నోరు మూసుకుంటే చాలు, ఏడో లెవెల్ అతనిది. పెద్దాయన ఫోను వైపు చూశాడు. మూడూ ముప్పై ఆరు. పెడితే పెట్టు, తర్వాత ఒక్కసారే ఆడతారు, ఓడితే కోసేస్తాను, ఆ తర్వాత నన్నేమీ అనొద్దు అన్నాడు. మా ఆయన నా వైపు తిరిగాడు. శుక్రవారం ఎర్రలైటు దగ్గర నేనతనికి ఏం చెప్పానో ఇద్దరికీ గుర్తుంది. అప్పుడు పోయేది అతని పని, తేలిగ్గా అనేశాను. ఇప్పుడు పోయేది ఇద్దరం కలిసి చేసింది, అదే మాట అంత తేలిగ్గా రాలేదు.

"పెట్టు," అన్నాను.

అతను రాశాడు, నేను వెనకనుంచి చదివి సరిచూశాను. మూడూ నలభై నాలుగుకి గద్ద మళ్ళీ మొదలుపెట్టింది.

ఈసారి వానలో పదే పది గుండ్లు పైకి తెప్పించి, మోసేవాళ్ళందర్నీ కిందికి పంపించేసింది. పైన ముగ్గురే. నిచ్చెన ఖాళీ. మొత్తం ఇరవై గుండ్లు, ఇంకొకటి కావాలన్నా రాదు. తర్వాత పేల్చకుండా ఊరుకుంది. వానతెర పలచబడుతోంది, ఓడ దగ్గరవుతోంది, ఆమె వేలు కదలడం లేదు. పెద్దాయన కాలు మార్చి కాలు మీద నిలబడ్డాడు. ఎవరో పక్క గదిలోంచి వచ్చి తలుపు దగ్గరే ఆగిపోయారు. ఓడ మీది కిటికీలు లెక్కపెట్టేంత దగ్గరయ్యాక మొదటి గుండు పేలింది.

అల పైకెత్తినప్పుడు గద్ద ఆగుతోంది, నిలకడైనప్పుడు పేలుస్తోంది. ఒక్కోదానికి ఎనిమిది సెకన్లు, తొమ్మిది. ఎక్కువ తగులుతున్నాయి. కానీ పదిహేను అయ్యేసరికి ఫిరంగి దగ్గరి మనుషులు అలసిపోయారు, నేను రాసినట్టే. పది సెకన్లు. పదకొండు. ఆ అంకె తగ్గించి రాసి ఉండాల్సిందని ఒక్క క్షణం నన్ను నేను తిట్టుకున్నాను. పద్దెనిమిదో గుండు పేలింది. ఓడ ఇంకా కదులుతోంది. మబ్బుల్లో చుక్క.

రెండు గుండ్లున్నాయి. మా ఆయన పెదవులు దిగు దిగు అంటున్నాయి, శబ్దం లేకుండా. గద్ద ఒకటి పేల్చింది. అది తగిలిందో లేదో కూడా చూడకుండా ఆఖరిదాన్ని సముద్రంలోకి తోసేసి మునుగు నొక్కింది. ఒకడు. నాలుగు సెకన్లు. ఇంకొకడు. ఎనిమిది. మూడోవాడు మూతలోకి దిగుతుండగా విమానం రెక్కలు తెరంతా కప్పేశాయి. పన్నెండు. మూత పడింది. నీళ్ళు కమ్మేశాయి. బాంబు అదురుకు తెర చీకటై మళ్ళీ వెలిగింది.

ఇప్పుడు ఓడ కనబడదు. నీళ్ళ కిందినుంచి దాని అడుగున తిరిగే చక్రం చప్పుడు మాత్రం వినబడుతుంది, దబ్ దబ్ మని. గద్ద మౌస్ మీంచి చెయ్యి తీసేసింది, ఆమె చేయగలిగేది ఇంకేమీ లేదు. దబ్ దబ్. మూడూ యాభై నాలుగు. నేను అలవాటుకొద్దీ రెండు చప్పుళ్ళ మధ్య సెకన్లు లెక్కపెట్టడం మొదలెట్టాను. ఒకటి. ఒకటి. ఒకటిన్నర. నా లెక్కే తప్పనుకున్నాను. రెండు. మూడు. ఐదు. ఒక దబ్. తర్వాత లెక్కపెడుతూనే ఉన్నాను, పదకొండు దాకా వెళ్ళాను, ఇంకో చప్పుడు రాలేదు.

తెర మీద అక్షరాలు వచ్చాయి. లెవెల్ పూర్తి. దాని కింద చిన్నగా, అందరూ లోపలే ఉన్నారు అని ఒక వరుస. అది మా ఆయన ఎప్పుడు రాశాడో నేను చూడలేదు.

పెద్దాయన తన బల్ల దగ్గరికి వెళ్ళి ఆటను పంపించాడు. మూడూ యాభై ఎనిమిది. కుర్చీలోంచి లేవకుండానే, రేపట్నుంచి బటన్లు గీయడానికి ఇంకెవరినైనా చూడాలని గది మొత్తానికి వినబడేలా చెప్పాడు. గద్ద మాత్రం ఇంకా ఏడో లెవెల్ ముందే కూర్చుంది, వానలో తొమ్మిది గుండ్లే పైకి తెచ్చుకుంటే అవుతుందేమో చూస్తానంటూ.